నాన్న సాబ్, సుల్తాను కత్తి



ఈసారి మిమ్మల్ని ఎక్కువ దూరం తీసుకెళ్ళను. మా హేస్ నుంచి రైలులో అరగంట, ఆ తరువాత పది నిమిషాల నడక. రైలు టికెట్టు తప్ప ఖర్చేమీ లేదు. మనం వెళ్ళే చోట ప్రవేశం ఉచితం. అక్కడ చూడబోయేవి టర్కీ దేశపు పాత కత్తులు.

"పిల్లలకు పాఠాలు చెప్పే టీచరమ్మకు కత్తులతో ఏం పని?" అని మీరు అడగవచ్చు. మా తమ్ముడు కూడా అదే అడిగాడు. చెబుతాను. ముందు రైలెక్కుదాం.

హేస్ తెలియని వాళ్ళకు రెండు మాటలు. ఇది లండన్‌కు పడమటి వైపు, హీత్రూ విమానాశ్రయం పక్కన ఉన్న ఊరు. ఊళ్ళోంచి గ్రాండ్ యూనియన్ కాలువ పోతుంది. ఒకప్పుడు ఇది ఫ్యాక్టరీల ఊరు. బ్లైత్ రోడ్డులో ఈఎంఐ వాళ్ళు గ్రామఫోన్ రికార్డులు చేసేవారు. బీటిల్స్ రికార్డులు కూడా ఇక్కడే తయారయ్యాయి. నేను వచ్చిన కొత్తలో, గాలి అటు నుంచి వీస్తే నెస్లే ఫ్యాక్టరీ కాఫీ వాసన మా వీధి దాకా వచ్చేది. 2014లో అదీ మూతపడింది. జార్జ్ ఆర్వెల్ 1932, 33 సంవత్సరాల్లో ఇక్కడే ఒక చిన్న బడిలో పాఠాలు చెప్పాడు. ఆయనకు ఈ ఊరు అస్సలు నచ్చలేదు. నాకు నచ్చింది. ఇద్దరం టీచర్లమే, కాని నేను ఇక్కడ చాలా ఎక్కువ కాలం ఉన్నాను, కాబట్టి నా మాటే నమ్మండి.

హేస్ అండ్ హార్లింగ్టన్ స్టేషన్‌లో ఎలిజబెత్ లైన్ రైలు ఎక్కండి. మొదట సౌతాల్ వస్తుంది. అక్కడ స్టేషన్ పేరు పంజాబీ లిపిలో కూడా రాసి ఉంటుంది. ఆ బోర్డు చూసినప్పుడల్లా, ఏదో ఒక రోజు ఎక్కడో ఒక స్టేషన్‌కు తెలుగు బోర్డు పెడతారా అని అనుకుంటాను. తరువాత ఈలింగ్, ప్యాడింగ్టన్, ఆపైన బాండ్ స్ట్రీట్. అక్కడ దిగండి. పెద్ద దుకాణాల వీధి దాటి ఉత్తరం వైపు నడిస్తే మాంచెస్టర్ స్క్వేర్ వస్తుంది. అక్కడ హెర్ట్‌ఫర్డ్ హౌస్ అనే పెద్ద ఇల్లు ఉంది. అదే వాలెస్ కలెక్షన్. ఒక సంపన్న కుటుంబం కూడబెట్టిన బొమ్మలు, కుర్చీలు, కవచాలు, కత్తులు అన్నీ 1897లో దేశానికి ఇచ్చేశారు. 1900 నుంచి ప్రజలు చూస్తున్నారు.

నేను అక్కడికి కత్తుల కోసం వెళ్ళలేదు. మా క్లాసు పిల్లలను బొమ్మలు చూడటానికి తీసుకెళ్ళాలి. ఇక్కడి పద్ధతి ప్రకారం టీచరు ముందుగా ఒక్కతే వెళ్ళి చూసి రావాలి. ఎక్కడ మెట్లున్నాయి, ఎక్కడ పిల్లలు జారి పడవచ్చు, ఎక్కడ ఏ ప్రమాదం ఉంది అని ఒక కాగితం నింపాలి. ఆ కాగితం చేత్తో పట్టుకుని కింది అంతస్తులో తిరుగుతూ తూర్పు దేశాల ఆయుధాల గదిలోకి వచ్చాను. చుట్టూ అద్దాల వెనక కత్తులు, బాకులు, ఈటెలు. "ప్రమాదాలు" అన్న గడిలో ఏం రాయాలో తోచక కాసేపు నిలబడిపోయాను.

నవ్వుకోండి. కాని ఆ రోజు నాకు నవ్వు రాలేదు. దానికి రెండు కారణాలున్నాయి.

మొదటిది. మూడేళ్ళ కిందట, అప్పుడు నేను పనిచేసిన బడిలో, ఒక అబ్బాయి సంచిలో కత్తి దొరికింది. సంచి తెరిచింది నేనే. కూరగాయలు తరిగే వంటింటి కత్తి. గిన్నెలు తుడిచే గుడ్డలో చుట్టి ఉంది. వాడికి పద్నాలుగేళ్ళు. ఎవరినో పొడవాలని తేలేదు. ఇంటికి వెళ్ళే దారిలో తననే ఎవరో పొడుస్తారని భయపడి తెచ్చుకున్నాడు. నాతో ఆ మాట చెప్పాడు. నేను నమ్మాను. నమ్మి కూడా, రాయవలసిన రిపోర్టు రాశాను. వాడు మళ్ళీ ఆ బడికి రాలేదు. తెలుగులో "కత్తి మీద సాము" అంటారు. సాము అంటే వ్యాయామం, కసరత్తు. చాలా జాగ్రత్తగా చేయవలసిన కష్టమైన పని అని ఆ మాటకు అర్థం. ఆ మధ్యాహ్నం నేను చేసింది కత్తి మీద సాము. సరిగ్గా చేశానని ఇప్పటికీ అనుకోను.

రెండోది. నేను ఆ మ్యూజియానికి వెళ్ళడానికి నాలుగు రోజుల ముందు, మారిషస్ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. ఫ్లాక్ జిల్లాలోని మా పాత ఇల్లు అమ్ముతున్నాం. వెనక కొట్టు ఖాళీ చేస్తుంటే నాన్న సాబ్ దొరికిందట. "అక్కా, దీన్ని ఏం చేయమంటావు?" అన్నాడు. "పారేయ్" అన్నాను. ఒక్క మాట. ఆలోచించనైనా లేదు.

మారిషస్ వాళ్ళకు సాబ్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఫిజీలోనో నటాల్‌లోనో పుట్టిన పాఠకుల కోసం చెబుతున్నాను. చెరకు నరికే కత్తిని మా క్రియోల్ భాషలో సాబ్ అంటారు. మీ ఇంట్లో దానికి ఇంకో పేరు ఉంటుంది. పేరు ఏదైనా, మన అందరి ఇళ్ళలోనూ తలుపు వెనక అలాంటిది ఒకటి ఉండేది.

ఇప్పుడు అద్దాల దగ్గరకు రండి. ముందు నాలుగు తెలుగు మాటలు నేర్చుకుందాం, అప్పుడు చూడటం సులభం. చేత్తో పట్టుకునే భాగం పిడి. కత్తిని దాచే గూడు ఒర. పదును ఉన్న అంచు వాదర. చివర గుచ్చుకునే కొస మొన. "ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు" అన్న సామెత మీరు వినే ఉంటారు. గుడి క్లాసులో మా పంతులుగారు నాకూ పక్క పిల్లకూ పోట్లాట వచ్చినప్పుడల్లా ఈ సామెత చెప్పేవారు. అందుకే ఒర అన్న మాట నాకు ముందు వచ్చింది. అసలు ఒరను చూసింది మాత్రం ఎన్నో ఏళ్ళ తరువాత.

టర్కీ భాషలో కత్తిని కిలిచ్ అంటారు. కిలిచ్‌కు ఒక పక్కే పదును. పిడి దగ్గర దాదాపు తిన్నగా మొదలై, పోను పోను వంగుతుంది. చివరికి వచ్చేసరికి ఒక్కసారిగా వెడల్పవుతుంది. ఆ వెడల్పు భాగం పేరు యెల్మాన్. అక్కడ రెండు పక్కలా పదును ఉంటుంది. బరువంతా ముందుకు చేరుతుంది కాబట్టి, చెయ్యి విసిరితే కత్తి తనంతట తానే దిగుతుంది. గుర్రం మీద నుంచి కొట్టేవాడికి అది పనికొచ్చే ఏర్పాటు.

రెండో రకం యాతగాన్. నాకు ఎక్కువ నచ్చింది ఇదే. పొట్టిది. నడుముకు కట్టిన బట్టలో దోపుకునేది. సుల్తాను కాల్బలం, అంటే జానిసరీ సైనికులు, దీన్ని వాడేవారు. దీని వంపు మిగతా కత్తుల వంపులాంటిది కాదు. మన కొడవలిలాగా వాదర వైపు లోపలికి వంగి, మొన దగ్గర మళ్ళీ తిన్నగా అవుతుంది. పిడికి అడ్డుకమ్మీ ఉండదు. పిడి చివర మాత్రం రెండు చెవులు విసనకర్రల్లా విచ్చుకుని ఉంటాయి. చూడటానికి అలంకారంలా ఉంటుంది, కాని లాగేటప్పుడు చెయ్యి జారిపోకుండా ఆపేవి ఆ చెవులే. అందం పనిలోంచే పుట్టింది. తరువాత ఆ చెవుల మీద వెండి రేకు వచ్చింది, పగడాలు వచ్చాయి, వాదర పక్కన బంగారు అక్షరాలు వచ్చాయి. చేసినవాడి పేరు, సొంతదారుడి పేరు, సంవత్సరం, ఒక ప్రార్థన, ఒక్కోసారి ఒక పద్యం.

ఈ బంగారం పనిని ఎలా చేస్తారో చెప్పాలి. తెలిస్తే కళ్ళు వేరుగా చూస్తాయి. ఉక్కు మీద బంగారం ఊరికే అంటుకోదు. ఒక పద్ధతిలో, గట్టి ఉలితో ఉక్కులో సన్నని గాడి చెక్కుతారు. గాడి అడుగు పైభాగం కంటే కొంచెం వెడల్పుగా ఉండాలి. అందులో బంగారు తీగ పెట్టి సుత్తితో కొడతారు. మెత్తటి బంగారం అడుగున పరుచుకుని ఇరుక్కుపోతుంది, ఇక బయటికి రాదు. రెండో పద్ధతిలో, ఉక్కు మీద అడ్డంగా నిలువుగా దగ్గర దగ్గరగా సన్నటి గీతలు గీస్తారు. ఆ గరుకు మీద బంగారు తీగనో రేకునో ఒత్తి, సుత్తితో కొట్టి, నున్నటి రాయితో రుద్దుతారు. మన దేశంలో దీన్ని కోఫ్త్‌గరీ అంటారు. చవకగా అవుతుంది, త్వరగా అవుతుంది, కాని అరిగిపోతుంది. మీరు అద్దానికి దగ్గరగా వెళ్ళి ఓపిగ్గా చూడండి. బంగారం పోయిన చోట ఆ గీతలు ఇంకా కనిపిస్తాయి. చక్కగా ఉన్న భాగం కంటే ఆ అరిగిన చోటే నేను ఎక్కువ సేపు చూశాను. అక్కడ పనివాడి చెయ్యి కనిపిస్తుంది.

ఈ పనిలో అన్నిటికంటే పేరున్న కత్తి లండన్‌లో లేదు. ఇస్తాంబుల్‌లో తోప్‌కాపి కోటలో ఉంది. సులేమాన్ సుల్తాను కోసం అహ్మద్ తెకెలూ అనే పనివాడు 1526-27లో చేసిన యాతగాన్. పిడి దంతం. కత్తి అలుగు మీద బంగారంతో ఉబ్బెత్తుగా ఒక డ్రాగన్, ఒక పెద్ద పక్షి పోట్లాడుకుంటూ ఉంటాయి. చుట్టూ ఆకులు, తీగలు. అదే కాలంలో మన విజయనగరంలో కృష్ణదేవరాయలు రాజ్యం చేస్తున్నాడు. ఆ కత్తి మీద సుల్తాను పేరుతో పాటు పనివాడి పేరు కూడా ఉంది. అందుకే ఐదు వందల ఏళ్ళ తరువాత నేను మీకు ఆ పేరు చెప్పగలుగుతున్నాను.

"పైన పటారం, లోన లొటారం" అని ఒక సామెత ఉంది. పైకి ఆడంబరం, లోపల ఏమీ లేదు అని అర్థం. వెండి ఒరలు చూస్తే మొదట నాకు ఆ సామెతే గుర్తొచ్చింది. కొన్నిటి విషయంలో అది నిజం కూడా. ఈ ఇంట్లోని తూర్పు దేశాల ఆయుధాలలో ఎక్కువ భాగం కొన్నది నాలుగో మార్క్విస్ ఆఫ్ హెర్ట్‌ఫర్డ్. ఆయన ప్యారిస్‌లో ఉండేవాడు, 1870లో పోయాడు. తూర్పు దేశాల వస్తువులంటే అప్పట్లో ప్యారిస్‌లో పెద్ద మోజు. ఆయన మెరిసేవి ఏరుకున్నాడు. మామూలు సిపాయి మోసిన కత్తి ఆయనకు అక్కర్లేదు. కాని మంచి కత్తుల విషయంలో ఈ సామెత తప్పు. అసలు సంగతి లోపలే ఉంది. ఆ లోపలి సంగతిలో మన తెలుగు ఊరు ఒకటి ఉంది.

కొన్ని కత్తుల అలుగు మీద నీటి అలల్లాంటి గీతలు కనిపిస్తాయి. అవి ఎవరూ గీసినవి కావు. ఉక్కులోనే పుట్టినవి. ఇనుప ముక్కలను కట్టెతో, ఆకులతో కలిపి మట్టి మూసలో పెట్టి, మూత బిగించి, చాలా గంటలు కాల్చి, మెల్లగా చల్లారనిస్తే ఒక ముద్ద వస్తుంది. అందులో బొగ్గు సారం ఎక్కువ. దాన్ని తక్కువ వేడిలో జాగ్రత్తగా సాగదీసి, పైన పులుసులాంటి ద్రావకం పూస్తే అలలు తేలతాయి. ఐరోపా వాళ్ళు ఈ ముద్ద ఉక్కును "వూట్జ్" అన్నారు. అది మన "ఉక్కు" అన్న మాటకు వాళ్ళ నోట్లో పట్టిన గతి అని చాలామంది పండితులు అంటారు. మా ముత్తాత పేరుకు మారిషస్ కాగితాల్లో పట్టిన గతి తెలిసినదాన్ని కాబట్టి, నాకు ఇది నమ్మడం కష్టం కాలేదు.

ఈ ఉక్కు చేసిన ఊళ్ళలో ఒకటి కోనసముద్రం. తెలంగాణలో నిజామాబాద్ జిల్లాలో ఉంది. హెన్రీ వాయ్సీ అనే డాక్టరు సర్వే పనిమీద తిరుగుతూ ఆ కొలుములు చూసి రాసి పెట్టాడు. ఆయన 1824లో చనిపోయాడు, రాసింది 1832లో అచ్చయింది. పెర్షియా వర్తకులు అంత దూరం నుంచి ఆ ఊరికే వచ్చి ఉక్కు కొనుక్కుని వెళ్ళేవారట. అక్కడి కమ్మరులు దాన్ని కత్తులుగా సాగదీసేవారు. పెర్షియా కత్తి అలుగులకు టర్కీలో గొప్ప గిరాకీ. ఇస్తాంబుల్ పనివాడు వాటికి కొత్త పిడి పెట్టి, కొత్త ఒర చేసి, బంగారం ఎక్కించేవాడు. అహ్మద్ తెకెలూ పేరు మిగిలింది. కోనసముద్రంలో మూస పట్టుకున్నవాడి పేరు ఏ కత్తి మీదా లేదు.

ఆ అలల్లో ఒక రకం ఉంది. కత్తి పొడవునా అడ్డగీతలు నిచ్చెన మెట్లలా వస్తాయి. దాని పేరు "కిర్క్ నర్దబాన్". కిర్క్ అంటే టర్కీ భాషలో నలభై, నర్దబాన్ అంటే నిచ్చెన. నలభై మెట్లు. ఇది చదివినప్పుడు నాకు పోర్ట్ లూయీలోని ఆప్రవాసీ ఘాట్ గుర్తొచ్చింది. అక్కడ ఓడ దిగిన కూలీలు ఎక్కిన రాతి మెట్లు పదహారు. మా ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి వచ్చి ఆ మెట్లు ఎక్కాడు. ఐదేళ్ళ ఒప్పందం చేతిలో పెట్టారు. తరువాత చేతికి సాబ్ ఇచ్చారు.

ఇక ఆ మాట సంగతి. సాబ్ అన్నది ఫ్రెంచి "సాబ్ర్". అంటే వంపు కత్తి. ఫ్రెంచి వాళ్ళకు అది జర్మన్ల నుంచి వచ్చింది. జర్మన్లకు హంగేరీ వాళ్ళ "సాబ్లియా" నుంచి వచ్చింది. తూర్పు నుంచి గుర్రాల మీద వచ్చిన జాతుల దగ్గర, తరువాత టర్కీ వాళ్ళ దగ్గర ఐరోపా ఈ వంపు కత్తిని చూసి నేర్చుకుంది. 1831లో ఇంగ్లండు తన సైన్యాధిపతులకు కూడా ఈజిప్టు మమ్లూకుల కత్తి పిడినే ఇచ్చింది, ఇప్పటికీ వాళ్ళు దాన్నే ధరిస్తారు. ఫ్రెంచి వాళ్ళు మారిషస్‌ను ఏలిన వంద ఏళ్ళలో ఆ మాట చెరకు తోటలోకి దిగింది. సైన్యాధిపతి నడుముకు ఉన్నదీ, మా నాన్న భుజం మీద ఉన్నదీ మాటలో ఒకటే.

నాన్న సాబ్‌కు ఒర లేదు. పాత గోనెసంచి ముక్క ఉండేది. చెరకును నేలకు ఆనించి మొదట్లో నరకాలి, తీపి ఎక్కువగా అక్కడే ఉంటుంది. పైకి నరికితే సర్దార్ తిట్టేవాడు. కోత జూన్‌లో మొదలై డిసెంబరు దాకా సాగేది. రోజూ తెల్లవారుజామున నాన్న గడపలో కూర్చుని రాతి మీద పదును పెట్టేవాడు. ఆ చప్పుడుకే మేం నిద్ర లేచేవాళ్ళం. పిడి చెక్కది. చెమటకు జారకుండా దానికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉండేది. ఒకసారి మేకు వదులైతే, నాన్న ఒక రాగి సెంటు బిళ్ళకు మధ్యలో బెజ్జం కొట్టి, దాన్ని మేకు కింద వేసి బిగించాడు. రాజుగారి ముఖం పైకి కనిపించేలాగే వేశాడు. కింది వైపుకు కూడా తిప్పవచ్చు కదా, తిప్పలేదు. దసరా నాడు అమ్మ ఆ కత్తికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, దేవుడి గదిలో గోడకు ఆనించేది. కోత కాలంలో దానికి ఆ ఒక్క రోజే సెలవు.

యాతగాన్ పిడి మీద మేకులను దాచడానికి వేసిన వెండి పువ్వులను చూస్తూ నేను ఆ సెంటు బిళ్ళను తలచుకున్నాను. మ్యూజియం కాగితంలో "ప్రమాదాలు" గడిలో చివరికి "ఏమీ లేవు, అన్నీ అద్దాల వెనక ఉన్నాయి" అని రాశాను.

రెండు వారాల తరువాత ఇరవై ఎనిమిది మంది పిల్లలను తీసుకెళ్ళాను. బొమ్మలు చూశారు. తరువాత, మా ప్లానులో లేకపోయినా, కత్తుల గదిలోకి తీసుకెళ్ళాను. కాస్త భయపడుతూనే. "మిస్, దీంతో ఎంతమందిని చంపారు?" అని మొదటి ప్రశ్న. అనుకున్నదే. వరసగా నలుగురు అదే అడిగారు. వాళ్ళకు ఉలి గురించి, తీగ గురించి చెప్పాను. బంగారం అరిగిన చోటు చూపించాను. ఎప్పుడూ మాట్లాడని ఒక అబ్బాయి అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూసి, "ఇది చేసినవాడికి ఎన్ని రోజులు పట్టింది?" అన్నాడు. నెలలు పట్టి ఉంటుంది అన్నాను. "అన్ని నెలలు చేశాక ఇచ్చేయాలా?" అన్నాడు. సంచిలో కత్తి దొరికిన ఆ పిల్లవాడిని కూడా ఒకసారి ఇక్కడికి తీసుకొచ్చి ఉంటే బాగుండేది. వాడికి ఇప్పుడు పదిహేడేళ్ళు ఉంటాయి.

ఆ రాత్రి తమ్ముడికి ఫోన్ చేశాను. మాకు ఎనిమిది అయితే వాళ్ళకు పదకొండు. నిద్ర గొంతుతో ఎత్తాడు.

"సాబ్ పారేశావా?"

"నువ్వు పారేయమంటే నేను పారేస్తానా అక్కా? కొబ్బరికాయలు కొడుతున్నాను. ఇంకా పదునుగానే ఉంది."

ఎంత పొడవుందో చూడమన్నాను. ఈ దేశంలో వంపు కత్తులకు 2008 నుంచి చట్టం ఉంది, యాభై సెంటీమీటర్ల లెక్క. పాతకాలపు వాటికి మినహాయింపులున్నాయి. తెచ్చుకుంటానో లేదో నాకే తెలియదు, అయినా అడిగాను. వాడు లేచి వెళ్ళి జానతో కొలిచాడు. "పిడి కాక రెండు జానలు."

"వంకరగా ఉందా, తిన్నగా ఉందా?"

"కొన్నప్పుడు తిన్నగానే ఉండి ఉంటుంది. నాన్న రోజూ రాతి మీద రుద్ది రుద్ది మధ్యలో అరిగిపోయింది. లోపలికి వంగినట్టు ఉంది."

యాతగాన్‌లాగా అన్నాను. వాడికి అర్థం కాలేదు. డిసెంబరులో వచ్చి చెబుతాను, అందాకా కొబ్బరికాయలు జాగ్రత్తగా కొట్టుకో అన్నాను.

"సెంటు బిళ్ళ ఉందా?"

"ఉంది. రాజు ముఖం మాత్రం అరిగిపోయింది."